డిపో వడ్డించిన కంచం

ఏప్రిల్ ఎండ ముదిరిందంటే అనకాపల్లి జిల్లా ఎలమంచిలి పరిసరాల్లో జాతీయ రహదారి పక్కన గొడుగుల కింద స్టీలు క్యాన్లు వెలుస్తాయి. లారీ డ్రైవర్లు, సెజ్ డ్యూటీకి బైకుల మీద పోయే కుర్రాళ్లు, ఏసీ కార్లు దిగినవాళ్లు ఒకేచోట నిలబడి చోడి (రాగి) అంబలి తాగుతారు. "అప్పా, ఇంకాస్త మజ్జిగ పొయ్యి, ఉల్లిపాయ ముక్కలెయ్యి" అని అడిగి మరీ వేయించుకుంటారు. యాభై ఏళ్ల కిందట ఇదే అంబలి తాగిన ఇంటివాళ్లు ఆ సంగతి చుట్టాల ముందు పైకి చెప్పేవారు కాదు. అన్నానికి గతిలేని ఇల్లని అనుకుంటారని నామోషీ. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు ఒకడా అన్న సామెత వెక్కిరించింది ఆ పేదరికాన్నే.

ఆ నామోషీ ఎటు పోయింది? భూమి కోసం తిండి మార్చుకోండని సదస్సుల్లో ఇచ్చే పిలుపు ఎలమంచిలి దాకా రాలేదు. వచ్చి ఉంటే పట్టించుకునేవాళ్లూ తక్కువే. అయినా ఇక్కడి కంచం రెండు తరాల్లో చాలాసార్లు మారింది. ఒకసారి రేషన్ డిపో మార్చింది, ఒకసారి బజారు ధర మార్చింది, మరోసారి షుగరు పరీక్ష కాగితం మార్చింది. ఇప్పుడు ఎండ, వాన, సముద్రం ఎవరినీ అడక్కుండా తామే మార్చడం మొదలుపెట్టాయి. ఇంత జరిగాక కూడా తిండి అలవాటును తినేవాడి మనస్సాక్షికి, వండే ఆడవాళ్ల తెలివికి వదిలేసి ప్రభుత్వాలు పక్కకు తప్పుకోవడం కుదరదు.

ఈ మాట పరీక్షించి చూడటానికి ఎలమంచిలి నియోజకవర్గం ఒక్కటి చాలు. నాలుగు మండలాలు. మునగపాకలో చెరకు తోటలు, బెల్లం గానుగలు. రాంబిల్లిలో శారద నది సముద్రంలో కలుస్తుంది. అచ్యుతాపురంలో ఒకవైపు సెజ్ ఫ్యాక్టరీలు, ఇంకోవైపు పూడిమడక చేపల రేవు. ఎలమంచిలిలో రైల్వే స్టేషను, టిఫిన్ హోటళ్లు, బిర్యానీ పాయింట్లు, పక్కనే ఏటికొప్పాక. రాష్ట్రంలో తిండి ఎలా పుడుతుందో, ఎలా మారుతుందో పాతిక ముప్పై కిలోమీటర్లలో కనబడిపోతుంది.

మెట్ట పొలాల్లో చోడి, గంటి (సజ్జ), సామ పండించుకున్న రోజుల్లో వంటిల్లు ఆ గింజల చుట్టూనే తిరిగేది. చోడిపిండిని రాత్రే నీళ్లలో కలిపి పులియబెడతారు. పొద్దున్న కుండలో నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతారు. చల్లారాక ఉప్పు, మజ్జిగ కలుపుకోవడమే. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉన్ననాడు కాల్చిన ఎండు నెత్తళ్లు. చాలా ఇళ్లలో పొయ్యి పక్కన తరవాణి కుండ కూడా ఉండేది. గంజి, నీళ్లు చేరి పులిసిన ఆ కుండలో రాత్రి మిగిలిన అన్నం పడేస్తే తెల్లారేసరికి చల్లటి భోజనం సిద్ధం. మళ్లీ పొయ్యి వెలిగించే పని లేదు, మెతుకు పారేసే పనీ లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం భారతదేశంలో ఇళ్లలో పారేస్తున్న తిండి తలకు ఏడాదికి 55 కిలోలు. తరవాణి కుండ ఉన్న ఇంట్లో ఆ లెక్క పుట్టేదే కాదు.

అలాగని ఆ రోజులను బంగారు కాలమని రాస్తే అబద్ధమవుతుంది. అంబలి తాగినవాళ్లు దాని గుణం తెలిసి తాగలేదు, వరి అన్నం అందక తాగారు. పేదింట్లో వరన్నం పండక్కి, పెళ్లికి, చుట్టం దిగినప్పుడు. చోళ్లు విసరడం, సామలు దంచి పొట్టు చెరగడం అంతా ఆడవాళ్ల రెక్కల కష్టం. మిల్లాడించిన బియ్యం నేరుగా ఎసట్లో పోసుకునే రోజు వచ్చినప్పుడు ఆ ఇల్లాళ్లు చోళ్ల తిరగలిని పక్కన పెట్టేశారంటే వాళ్లనేమీ అనడానికి లేదు.

ఆ రోజును తెచ్చింది రేషన్ డిపో. 1982 చివర్లో కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు ఆ ఏడాది ఉగాదికి రెండు రూపాయల కిలో బియ్యం పథకాన్ని రాష్ట్రమంతా పరిచేశారు. 2008లో వైఎస్ రాజశేఖర రెడ్డి మళ్లీ అదే రెండు రూపాయల ధర తెచ్చారు. 2011 నవంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి దాన్ని రూపాయి చేశారు. 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితం చేసింది. నలభై ఏళ్లపాటు పార్టీలు పోటీ పడింది ధర మీదే. ఏ గింజ ఇద్దాం అన్న ప్రశ్న ఏ మేనిఫెస్టోలోనూ గట్టిగా వినపడలేదు.

విత్తనం కూడా అదే దారి పట్టింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్8 వరి పండించి దేశం దృష్టిలో పడ్డారు. మార్టేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి 5204 సాంబ మసూరి, శ్రీకాకుళం పక్కన రాగోలు నుంచి శ్రీకాకుళం సన్నాలు వచ్చాయి. కాలవ నీళ్లు, ఎరువు, కొనుగోలు కేంద్రం అన్నీ వరి వెంటే నడిచాయి. విజయనగరం పరిశోధన కేంద్రం చంపావతి, ఇంద్రావతి అని నదుల పేర్లు పెట్టి మంచి చోడి వంగడాలు విడుదల చేస్తూనే ఉంది. కొనేవాడు లేని పంటకు ఎంత మంచి వంగడం వచ్చినా రైతు పొలంలోకి రాదు.

రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. ఇవాళ తీరిగ్గా కూర్చుని దాన్ని తప్పుపట్టడం కడుపు నిండినవాళ్లకే సాధ్యం. పథకం చేసిన పని మాత్రం ఆకలి తీర్చడంతో ఆగలేదు. ఒక తరం నాలుకను మార్చింది. అన్నం అంటే తెల్లగా, పుల్లలు పుల్లలుగా ఉండాలన్న అలవాటు పడ్డాక ఆ డిపో బియ్యం కూడా దొడ్డుగా కనబడింది. కోటా బియ్యం చవగ్గా అమ్మేసి, పైన డబ్బులు వేసి సన్నబియ్యం కొనుక్కోవడం ఊరూరా జరుగుతున్నదే. అలా అమ్మేసిన బియ్యం ఎక్కడ తేలుతుందో 2024 నవంబరులో కాకినాడ రేవులోని ఎగుమతి ఓడలో అందరూ చూశారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ "సీజ్ ద షిప్" అన్న మాట రాష్ట్రమంతా మోగింది. ఓడను ఆపడం మీద జరిగిన చర్చలో, జనం తినని గింజను ఎందుకు పంచుతున్నామన్న చర్చ పదో వంతు కూడా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తోంది. జనం తినే బియ్యం ఇవ్వడం న్యాయమే కానీ, ఎంపిక మళ్లీ బియ్యానికీ బియ్యానికీ మధ్యే ఆగిపోయింది.

నూనెదీ ఇదే కథ. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె గానుగాడించుకున్న ఊళ్లలోకి పామాయిల్ ప్యాకెట్టు డిపో గుమ్మంలోంచే నడిచి వచ్చింది. 2013లో అమ్మహస్తం పేరిట 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లోనూ అది ఉంది. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఎలమంచిలి బజారులో గారె వేగే మూకుడుకు ఇండోనేషియా, మలేషియా అడవులు నరికి వేసిన తోటలతో చుట్టరికం ఉంది. టీ సంగతి ఇంకా పాతది. 1930లలో తేయాకు కంపెనీల తరఫు ప్రచారకులు ఊరూరా తిరిగి ఉచితంగా కాచి పోసి అలవాటు చేశారు. అలవాటు అనేది ఎప్పుడూ ఎవరో ఒకరు ఖర్చుపెట్టి పెంచిందే.

కోడి కూడా అంతే. పండక్కో, అల్లుడు వచ్చినప్పుడో కోసే నాటుకోడి స్థానంలో బ్రాయిలర్ వచ్చి ప్రతి ఆదివారాన్నీ పండగ చేసింది. 1982లో వెంకటేశ్వర హేచరీస్ అధినేత బి.వి. రావు చొరవతో గుడ్ల రైతులు జాతీయ సమన్వయ కమిటీగా ఏర్పడి గుడ్డు ధరను తమ చేతుల్లోకి తీసుకున్నారు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరసన నిలిచింది. సెజ్‌లో షిఫ్టు దిగిన కుర్రాడికి ఇంటికెళ్లి కూర వండుకోవడం కంటే దారిలో బిర్యానీ పొట్లం కట్టించుకోవడం తేలిక. 2022-23 కుటుంబ వినియోగ సర్వేలో దేశవ్యాప్తంగా తిండి ఖర్చులో పెద్ద వాటా పానీయాలు, చిరుతిళ్లు, తయారుగా దొరికే ఆహారానిదే. పల్లెల్లో మొత్తం ఇంటిఖర్చులో అది 9.6 శాతం, పట్టణాల్లో 10.6 శాతం.

తర్వాత మార్పు డాక్టరు గదిలో మొదలైంది. తెలుగునాట తిండి గురించి ఇరవై ఏళ్లుగా వచ్చిన ప్రతి ఊపునూ గుర్తు చేసుకుంటే సంగతి తేలుతుంది. మొదట మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె మానమన్నారు. ఉప్పులేని కూరలు, మొలకలు ఇళ్లలోకి వచ్చాయి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ అన్నమే మానేసి కొవ్వు తినమన్నారు. సభలకు జనం విరగబడ్డారు, కొబ్బరినూనె అమ్మకాలు పెరిగాయి. ఆ వెంటనే ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికలు అనే సిరిధాన్యాలు తినమన్నారు. ఆయనకు 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి పూర్తిగా ఎదురు. వింత ఏమిటంటే చాలా ఇళ్లు ముగ్గురినీ వరసగా పాటించి చూశాయి. షుగరు తగ్గాలి, బరువు తగ్గాలి అన్న భయమే అందరినీ నడిపింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రాష్ట్రంలో 36 శాతం మంది మహిళలు అధిక బరువుతో ఉన్నారు, 59 శాతం మందికి రక్తహీనత ఉంది. భయానికి కారణం లేకపోలేదు.

సిరిధాన్యాల ఊపు వల్ల అంబలికి పరువు పెరిగింది, ధరా పెరిగింది. సూపర్‌మార్కెట్టులో కిలో ప్యాకెట్టుగా మెరుస్తున్న కొర్రలు, సన్నబియ్యాన్ని మించిన ధర పలుకుతాయి. ఒకప్పుడు పేదవాడు తిన్న గింజను కూలివాడు ఇవాళ కొనలేడు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటింపజేసింది మన దేశమే. ఆ ఏడాదంతా విందుల్లో, ప్రదర్శనల్లో సిరిధాన్యాల పాయసాలు కనబడ్డాయి. డిపోల్లో మాత్రం అంతగా కనబడలేదు.

అదే 2023 జులైలో వాతావరణం నేరుగా కంచం మీదికి వచ్చింది. ముందు ఎండలు, తర్వాత వానలు టమాటా పంటను దెబ్బతీస్తే కిలో వంద దాటి రెండు వందల దాకా పోయింది. రైతుబజార్లలో రాష్ట్ర ప్రభుత్వం రాయితీ మీద కిలో యాభైకి అమ్మితే జనం క్యూలు కట్టారు. పప్పులో టమాటా బదులు చింతపండు, మామిడికాయ పడ్డాయి. నిజానికి టమాటా లేని వంట అంటే మన ముత్తవ్వల వంటే. అదే నెల 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు నిలిపివేసింది. ఎల్‌నినో భయం, దేశంలో పెరుగుతున్న ధరలు కారణం. రెండు రోజుల్లో అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు తెలుగువాళ్లు వరసలు కట్టారు. సోనా మసూరి బస్తాల కోసం తోసుకుంటున్న వీడియోలు డల్లాస్ నుంచి తెనాలి దాకా తిరిగాయి. కొన్ని షాపులు ఇంటికి ఒకే బస్తా అని కాగితం అంటించాయి. గోధుమరొట్టె, మొక్కజొన్న, ఓట్స్ అన్నీ చవగ్గా దొరికే దేశంలో స్థిరపడ్డవాళ్లు కూడా ఆ పది కిలోల సంచీ లేకపోతే బతకలేమన్నట్టు పరుగెత్తారు. అలవాటు ఎంత లోతుగా పాతుకుంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో గానీ ఎత్తివేయలేదు.

ఇక తిండికీ వాతావరణానికీ ఉన్న లెక్క. మనుషుల వల్ల వెలువడి భూమిని వేడెక్కించే వాయువుల్లో దాదాపు మూడో వంతు ఆహార వ్యవస్థ నుంచే వస్తున్నాయి. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ 119 దేశాల్లో 38 వేలకు పైగా పొలాల వివరాలు జతచేసి వేసిన లెక్కల ఆధారంగా ప్రపంచ సగటు ఇలా ఉంది: మాంసం కోసమే పెంచే పశువుల మాంసం కిలోకు 60 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు, గొర్రె మేకలకు 24, చెరువు రొయ్యలకు 12, కోడికి 6, గుడ్లకు నాలుగున్నర, బియ్యానికి 4, పప్పుధాన్యాలకు ఒకటి నుంచి రెండు. బియ్యం పక్కన గుడ్డు ఉండటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కిలో బియ్యం ఎండుగింజ అని, వండితే నలుగురైదుగురి కడుపు నింపుతుందని గుర్తు పెట్టుకుని చూడాలి.

ఈ అంకెలు పట్టుకుని శాకాహారమే పర్యావరణ హితమని పాఠాలు చెప్పేవాళ్లు బయల్దేరతారు. 2014 నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతం మంది మాంసాహారులే. అయితే ఈ 98 శాతంలో ఎక్కువమంది తినేది వారానికో రోజు కోడి, అప్పుడప్పుడు చేప, గుడ్డు. ఏడాదికి వంద కిలోల మాంసం తినే అమెరికా సగటు మనిషితో వీళ్లను ఒకే గాటన కట్టడం దబాయింపు. పప్పులో నెయ్యి, ఆఖర్న గడ్డపెరుగు ఉన్న విస్తరి కూడా పశువు కడుపులోంచి వచ్చే మీథేన్ లెక్కలో ఉంటుంది. రక్తహీనత ఇంత ఉన్న చోట పిల్లల కంచంలోంచి గుడ్డు తీసేయమని పర్యావరణం పేరు చెప్పి అడగడం మంచిది కాదు.

తెలుగువాళ్ల లెక్కలో అసలు పెద్ద పద్దు వరి మడిలో ఉంది. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు కుళ్లిన ఆకు, వేరు తిని మీథేన్ వదులుతాయి. ఆ వాయువులో అధిక భాగం వరి మొక్క కాడలోని గాలి గదుల గుండానే పైకి వస్తుంది. మొక్కే పొగగొట్టం అన్నమాట. మనుషుల పనుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి పొలాల వాటా 8 శాతం పైనే. అలాగని ఎలమంచిలిలో అన్నం తినేవాడు నేరం చేసినట్టు ముఖం పెట్టుకోనక్కరలేదు. దీనికి మందు పొలంలోనే ఉంది. మడిని ఎప్పుడూ ముంచి ఉంచకుండా ఆరుతడి పద్ధతిలో నీరు పెడితే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది, దిగుబడి తగ్గదు. చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి మడిలో పాతి, నీటి మట్టం పదిహేను సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ తడి పెట్టడమే ఆ విద్య. శ్రీ సాగు పేరుతో 2003 నుంచే ఆంధ్ర రైతులకు ఇలాంటిది పరిచయం. కాలవకు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని రైతు మాత్రం వచ్చిన నీటిని మడిలో ఆపుకుంటాడు. రోజు తప్పని నీటి విడుదల ఉంటేనే ఆరుతడి. అందుకని ఇది వంటింటి ప్రశ్న కాదు, నీటిపారుదల శాఖ ప్రశ్న.

వరి కూడా ఎండకు ఓడుతోంది. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం దాకా పడిపోతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో చేసిన అధ్యయనంలో 2004లో తేలింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే బియ్యంలో మాంసకృత్తులు పది శాతం, ఇనుము ఎనిమిది శాతం, జింకు ఐదు శాతం తగ్గుతాయని 2018లో చైనా, జపాన్ పొలాల్లో చేసిన ప్రయోగాలు చెప్పాయి. అన్నం మీదే బతికే ఇంట్లో, అదీ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువున్న రాష్ట్రంలో, ఇది చిన్న సంగతి కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజువారీ శక్తిలో ధాన్యం వాటా 45 శాతం మించొద్దంది. ప్రస్తుతం మన దేశంలో అది 50 నుంచి 70 శాతం. వంద గ్రాముల చోడిలో కాల్షియం 350 మిల్లీగ్రాముల పైన ఉంటే తెల్లబియ్యంలో పదికి మించదు.

పూడిమడక, రాంబిల్లి తీరంలో మార్పు వల పైకి లాగగానే తెలుస్తుంది. నూనె కవళ్లు ఒకప్పుడు మలబారు తీరం చేప. 1980ల చివరి నుంచి తూర్పు తీరంలోనూ పడటం మొదలైంది. సముద్రం వేడెక్కే కొద్దీ చేప తనకు నప్పే నీటిని వెతుక్కుంటూ కొత్త తీరాలకు పోతోందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. 1803లోనే ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం దగ్గర సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం అచ్చువేశాడు. అలాంటి జాబితా ఇవాళ మళ్లీ రాస్తే ఎన్ని పేర్లు మిగులుతాయో, ఎన్ని కొత్తవి చేరతాయో చూడాల్సిన పని. చేప దొరకని రోజుల్లో తీరం ఇళ్లలో కూడా బ్రాయిలర్ కోడే ఉడుకుతుంది. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ కూడా ఈ పూడిమడకలోనే. పెట్టుబడి అంచనా లక్షా 85 వేల కోట్లు. వాతావరణం కోసం ఇన్ని కోట్లు పెట్టే చోట, పక్కనున్న రేవులో చేప ఏమవుతోంది, ఊళ్లోని కంచంలో ఏముంది అన్న లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు.

మునగపాక చెరకుదీ ఒక పాఠం. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలో పెద్దవాటిలో ఒకటి. 1913 నుంచే అక్కడ చెరకు పరిశోధన కేంద్రం ఉంది. 1933లో ఏటికొప్పాకలో మొదలైన సహకార సంఘం చక్కెర మిల్లు నడిపింది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాక చెరకు విస్తీర్ణం కుంగింది. బెల్లం పెనం కింద మండేది చెరకు పిప్పే, బొగ్గు అక్కర్లేదు.  కొనేవాళ్లకేమో పసుపుపచ్చగా మెరిసే దిమ్మ కావాలి. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం పోస్తారు. ఏమీ పోయని నల్లబెల్లం బజారులో చిన్నబోతుంది. ఈ మధ్య బెల్లం టీ బండ్లు వచ్చాక ఆ చూపు కొంచెం మారింది.

బడి పిల్లల దగ్గర మాత్రం అసలైన మార్పు జరిగింది. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగి జావ మొదలుపెట్టింది. అప్పట్లో లెక్క దాదాపు 38 లక్షల మంది పిల్లలు. ప్రభుత్వం మారింది, మధ్యాహ్న భోజనానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు వచ్చింది, 2025లో ప్రాంతాలవారీ మెనూ తెచ్చారు. జావ పోలేదు. ఏ ఉపన్యాసం లేకుండా, ఏ నామోషీ లేకుండా ఒక తరం చోడి రుచి మళ్లీ నేర్చుకుంటోంది. తమ బామ్మలు దాచుకు తాగింది వీళ్లు బడి ఆవరణలో వరసగా కూర్చుని తాగుతున్నారు.

కొండ దాటితే కోరాపుట్. అక్కడ ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి, విత్తనం దగ్గర ఆగకుండా చోళ్లను మద్దతు ధరకు తానే కొని రేషన్‌లో పంచింది, అంగన్‌వాడీల్లో లడ్డూలు చేయించింది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రేషన్ చోళ్లు ఎప్పటి నుంచో మామూలే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, చోళ్లకు 4,886. ధర రెట్టింపు. చేను చేరి కొనేవాడు లేకపోతే ఆ అంకె కాగితం మీదే ఉండిపోతుంది.

అనకాపల్లి జిల్లాలో చేయవలసిన పని పెద్దదేమీ కాదు. కార్డుదారుడు కోరుకుంటే బియ్యంలో రెండు కిలోల బదులు చోళ్లు తీసుకునే వీలు డిపోలో ఉండాలి. బలవంతం వద్దు. ఇష్టం లేని గింజ మళ్లీ కాకినాడ లారీ ఎక్కుతుంది. బడుల జావకు పిండి పక్క జిల్లా అల్లూరి ఏజెన్సీ రైతుల దగ్గర, ఇక్కడి మెట్ట రైతుల దగ్గర కొనాలి. పొట్టు తీసే చిన్న మరలు మహిళా సంఘాలకు ఇవ్వాలి. ఆ శ్రమ మళ్లీ ఆడవాళ్ల చేతుల మీద పడితే ఈ ప్రయత్నం ఏడాది నిలవదు. వేలాది మంది ఆడపిల్లలు కుట్టుపని చేసే అచ్యుతాపురం ఫ్యాక్టరీల క్యాంటీన్లలో వేసవిలో అంబలి పోయడం యాజమాన్యాలకు భారం కాదు. శారద, వరాహ ఆయకట్టుల్లో ఆరుతడికి వీలుగా నీటి విడుదల తేదీలు ముందే ప్రకటించాలి. డిపోలో ఏ గింజ ఉండాలో ఇన్నేళ్లూ హైదరాబాద్, విజయవాడ, ఢిల్లీ తేల్చాయి. ఖరీఫ్ కొనుగోళ్లు మొదలయ్యే లోపు ఎలమంచిలి కార్డుదారులను కూడా ఒక్కసారి అడగండి.